పై వాటాలో రెండు దేశాలు, ఒక ఫైటర్ చేప

పిల్లల్ని పై చదువులకి పంపడానికి ఒక్క దేశం మాత్రమే దొరికిన తల్లిదండ్రులను చూస్తే నాకు జాలి. ఏం బతుకండీ అది? టికెట్ కొంటారు, ఏడుస్తారు, పంపేస్తారు. ఇంట్లో ఓ వాదన లేదు, ఓ అలక లేదు, భోజనాల దగ్గర ఓ వాకౌట్ లేదు. రెండు దేశాల మధ్య ఎటూ తేల్చుకోలేక జుట్టు పీక్కునే కుటుంబమే నిజంగా పెట్టి పుట్టిన కుటుంబమని నేను నొక్కి వక్కాణిస్తున్నాను. నమ్మరా? అయితే ఓసారి మా పై వాటాకి రండి.

పై వాటాలో నలుగురుంటారు. లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరుగా చేసే నాన్న, లెక్కల టీచరైన అమ్మ, నాన్నని కన్న నానమ్మ, వీళ్లందరికీ కలిపి ఒక్కతే అమ్మాయి. ఆ అమ్మాయికి రెండు దేశాల్లో సీటు వచ్చింది. ఒకటి చలి దేశం, ఒకటి ఎండ దేశం. పేర్లు రాయను. రాస్తే అక్కడ చుట్టాలున్నవాళ్లు ఫోన్ చేసి తిడతారు, లేనివాళ్లు ఫోన్ చేసి ఫీజులెంతని అడుగుతారు.

నాన్నది చలి దేశం పార్టీ. చలికి బుర్ర చురుగ్గా పనిచేస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన మా ఫ్రిజ్‌లో ఉన్న క్యాబేజీ ఈపాటికి ప్రొఫెసర్ అయిపోవాలి. అమ్మది ఎండ దేశం పార్టీ. ఉతికిన బట్టలు ఆరని చోట చదువు బుర్రకెక్కదని ఆవిడ వాదన. నానమ్మ తటస్థురాలు. ఎవరు టీ ఇస్తే ఆ టీ అయ్యేదాకా వాళ్ల వైపు.

మధ్యలో అమ్మాయి ఒకటి రెండుసార్లు, "అసలు నాకు..." అని నోరు తెరిచింది. "ముందు దేశం తేలనీ తల్లీ, మిగతావి తర్వాత" అన్నారిద్దరూ. ఆ ఒక్క మాట మీద మాత్రం రెండు పార్టీలకీ సంపూర్ణ ఏకాభిప్రాయం.

మాటలతో తేలలేదు కాబట్టి ఓ వారం రోజులు రిహార్సల్ వేద్దామనుకున్నారు. ఓ ఆదివారం పొద్దున్నే నాన్న హాలుని చలి దేశంగా ప్రకటించారు. ఏసీ పదహారులో పెట్టి, మఫ్లర్ చుట్టుకుని, సోఫాలో వణుకుతూ కూర్చుని, "ఎంత హాయిగా ఉందో" అన్నారు. అమ్మ ఊరుకుంటుందా? వంటగదిని ఎండ దేశం చేసేసింది. కిటికీలు మూసి, రెండు పెద్ద బల్బులు వెలిగించి, స్టవ్ మీద ఉత్త నీళ్లు మరగబెట్టి, చెమటలు కక్కుతూ, "ప్రాణం లేచొచ్చింది" అంది. అమ్మాయి మాత్రం పూటకో దేశంలో ఉండాలి. నన్ను అంతర్జాతీయ పరిశీలకుడిగా పిలిచారు. చలి దేశంలో నాకు తుమ్ములొచ్చాయి, ఎండ దేశంలో కళ్లజోడు మసకబారింది. రెండూ గొప్ప దేశాలేనని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను.

సరిహద్దు ఎక్కడా? వంటగది గుమ్మం. అక్కడ స్టూలు వేసుకుని నానమ్మ కూర్చుంది. సీట్లు ఇప్పించిన కన్సల్టెన్సీవాడు అమ్మాయి చేత వీసా ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయిస్తుంటే పక్కనే కూర్చుని ఆవిడ ప్రశ్నలన్నీ బట్టీ పట్టేసింది. ఇక ఆవిడ దయ ఉంటేనే ఎవరైనా గుమ్మం దాటేది.

"ఎందుకొచ్చావు?" అంది మంచినీళ్ల కోసం వచ్చిన కన్నకొడుకుని.

"నీళ్లకమ్మా."

"మీ దేశంలో నీళ్లు లేవా?"

"ఉన్నాయి. చల్లగా ఉన్నాయి."

"తిరిగి వెళ్లిపోతావని నమ్మకమేంటి?"

ఆయన మఫ్లర్ తాకట్టు పెట్టి, రెండు గుక్కలు తాగి, మళ్లీ విడిపించుకొచ్చారు. టీవీ హాల్లో ఉండిపోయింది కాబట్టి సీరియల్ చూడటానికి అమ్మకి అరగంట వీసా దొరికింది, చలి గురించి ఒక్క మాటా అనకూడదన్న షరతు మీద. ఆవిడ పళ్లు టకటకలాడిస్తూ చూసింది గానీ మాట మాత్రం అనలేదు. బాత్రూం ఎవరిదన్న విషయంలో చర్చలు విఫలమయ్యాయి. దాంతో అందరూ మా వాటాకి వచ్చేవారు. చెప్పండి, ఇరుగు పొరుగుల మధ్య ఇన్ని రాకపోకలు పెంచే వ్యవహారం ఇంకోటుందా?

ఇంతకీ ఆ ఇంట్లో ఐదో ప్రాణి ఒకటుంది. ఎర్రటి ఫైటర్ చేప. హాల్లో టీవీ పక్కన గాజు తొట్టిలో ఉంటుంది. అమ్మాయికి అదంటే ప్రాణం. బడికెళ్లే రోజుల నుంచీ ఆ పిల్ల, పెంచిన ఏ చేపకి తోక చిరిగినా, కళ్లు ఉబ్బినా పట్టుకెళ్లి అక్వేరియం షాపాయన బుర్ర తినేది. చచ్చిపోయిన చేపని కూడా భూతద్దంతో మొప్పలు చూడందే పారేయనిచ్చేది కాదు. ఇంట్లోవాళ్లు దాన్ని చాదస్తం అనేవారు.

చలి దేశం ఏర్పడ్డ నాలుగో రోజుకి చేప మేత మానేసింది. రెక్కలు ముడుచుకుని అడుగున పడుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. అమ్మాయి నాన్న దగ్గరికి పరిగెత్తింది.

"నాన్నా, ఏసీ ఆపుదామా? చేప ఈ చలికి తట్టుకోలేదు."

"రేపు అక్కడ కూడా ఇలాగే అంటావా? అదీ అలవాటు పడుతుందిలే."

అమ్మ దగ్గరికెళ్లి చెప్పింది.

"అదే మరి! ఎండ దేశంలో అయితే ఈ బాధే ఉండదు" అంది అమ్మ. పాపం, ఎవరి ప్రచారం వాళ్లది.

అమ్మాయి హాల్లోకి తిరిగొచ్చింది. తొట్టిని రెండు చేతులతో ఎత్తి గుండెకి ఆనించుకుని, నీళ్లు తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ వంటగది వైపు నడిచింది.

పిల్ల సామానుతో సహా వలస పోతోంది! అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఫోనందుకుని, "ఒసే చెల్లీ, ఎండ దేశం ఖాయమైపోయిందే" అనేసింది. నాన్న సోఫాలో కుప్పకూలి, "మంచిది. దానిష్టం. నేనెవణ్ణి" అన్నారు. చేపని బతికించుకోవడానికి వెళ్తున్న పిల్ల వాళ్లకి ఓటేయడానికి వెళ్తున్నట్టు కనిపించింది.

నానమ్మ మాత్రం డ్యూటీ మరవలేదు. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎందుకొచ్చావు?"

"దీన్ని వెచ్చగా ఉంచాలి నానమ్మా. లేకపోతే చచ్చిపోతుంది."

"ఏం చదువుకోడానికి వెళ్తున్నావు?"

వరుసలో తర్వాతి ప్రశ్న అదే, అందుకని అడిగింది పెద్దావిడ. అమ్మాయి కళ్లు నిండిపోయాయి.

"చేపల జబ్బులు నానమ్మా. వాటికి వైద్యం చేయడం. ఎప్పట్నుంచో అదే చదవాలని ఉంది."

నాన్న అమ్మ వంక చూశారు. అమ్మ నాన్న వంక చూసింది.

"మరి మనకి సీటు దేంట్లో వచ్చింది?" అన్నారు నాన్న.

"మీకు తెలుసనుకున్నానండీ."

కన్సల్టెన్సీకి ఫోన్ చేశారు. "రెండు చోట్లా ఒకటే కోర్సు సార్, ఆఫీస్ మేనేజ్‌మెంట్" అన్నాడు అతను ఉత్సాహంగా. "తేడా అల్లా వాతావరణంలోనే."

ఇప్పుడర్థమైందా, నేను రెండు దేశాలను ఎందుకు అంత పొగిడానో? రెండు దేశాలు ఎదురుగా ఉంటే అమ్మానాన్నలు జన్మంతా కొట్టుకోవచ్చు. పిల్లని ఒక్క ముక్క అడిగే శ్రమ ఉండదు. ఒక్క దేశమే ఉంటే, ఎప్పుడో ఖర్మకాలి, "అక్కడికెళ్లి ఏం చేస్తావమ్మా?" అని అడగాల్సి వచ్చేది.

నాన్న లేచి ఏసీ ఆపారు. మఫ్లర్ విప్పి తొట్టి చుట్టూ చుట్టారు. అమ్మ బల్బుని దగ్గరికి జరిపింది.

తర్వాతి వారం నాన్న మా వాటాకి దిగొచ్చారు. చేప తేరుకుందన్నారు. మొహం వెలిగిపోతోంది.

"చేపల వైద్యానికి కూడా రెండు దేశాలున్నాయండీ. ఒకటి వాన దేశం, ఒకటి గాలి దేశం. మీరు మళ్లీ పరిశీలకుడిగా రావాలి."

గొడుగు పట్టుకుని వెంట వెళ్లాను. పై వాటా గుమ్మంలో నానమ్మ స్టూలు వేసి ఉంది. దాని మీద ఈసారి అమ్మాయి కూర్చుంది. ఒళ్లో మఫ్లర్ చుట్టిన తొట్టి, అందులో తోక విప్పుకుని తిరుగుతున్న చేప.

"ఎందుకొచ్చావు నాన్నా?" అంది.

ఆయన వాన దేశం అనబోయి ఆగారు. గాలి దేశం అనబోయి ఆగారు. వంగి చేపని చూశారు.

"నిన్ను అడుగుదామని" అన్నారు చివరికి.

అమ్మాయి పక్కకి జరిగి దారిచ్చింది.

నన్ను మాత్రం లోపలికి రానివ్వలేదు. ఇకపై ఈ ఇంటికి పరిశీలకులు అక్కర్లేదట.