పడవకు బండి సంబంధం

వేసవి బదిలీల్లో చినగరువుపేట సముద్రాన్ని కూడా బదిలీ చేశారు. ఒకే చోట మూడేళ్లకు మించి ఎవరూ పనిచేయకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. సముద్రం ఎప్పుడు విధుల్లో చేరిందో తెలిపే కాగితం దొరక్కపోవడం వల్ల ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని కదపలేదు. ఈసారి దాని తరఫున చెప్పే పెద్దమనిషి లేకపోయేసరికి పేరు జాబితాకెక్కింది. శుక్రవారం మధ్యాహ్నం తహసీల్దారుకు బాధ్యతలు అప్పగించి, సముద్రం దక్షిణాన మొగదారిపాలేనికి వెళ్లిపోయింది. చేపల్ని కుటుంబ సభ్యులుగా వెంట తీసుకుపోవడానికి అనుమతి దొరికింది. ఇసుక లోకల్ కేడరు కనుక ఊళ్లోనే ఉండిపోయింది.

ఊరివాళ్లు వీడ్కోలు సభ పెట్టి, పులిహోర పంచి, చివరగా వెనక్కి వెళ్తున్న అలకు దండ వేశారు. సముద్రానికి నోరు ఎక్కువే గానీ మనసు మంచిదని వక్తలందరూ ఒప్పుకున్నారు. కొందరు ఏడ్చారు. ఉద్యోగమన్నాక బదిలీ ఎవరికైనా తప్పదు కదా అని మర్నాటికి సర్దుకున్నారు.

చిక్కల్లా పడవలతో వచ్చింది. సముద్రానికి ప్రయాణ భత్యం ఇచ్చారు గానీ పడవలు ప్రైవేటు ఆస్తి కాబట్టి వాటికి ఇవ్వలేదు. సర్క్యులర్ ప్రకారం, వేసవి వేట నిషేధం ముగిసేలోగా ప్రతి యజమానీ తన పడవను ‘తగినదీ, క్షేమకరమైనదీ’ అయిన వాహనంతో లాగించుకుని కొత్త చోట చేర్చాలి. గడువులోగా చేరని పడవను పక్కా ఇల్లుగా పరిగణిస్తారు. ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు. ఒక పడవకు గడువుకు ముందే డోర్ నంబరు వేసి, కరెంటు మీటరు బిగించారు. ఆ పడవ యజమాని అల్లుడు అందులో కాపురం పెట్టి, పడమటి వైపు కిటికీ కావాలని దరఖాస్తు కూడా చేసుకున్నాడు. ఒకసారి ఇల్లయిన పడవ తిరిగి పడవ కావడానికి చట్టంలో దారి లేదు.

గరికిన ఎల్లాజీకి, అతని భార్య పోలమ్మకు ఉన్నదల్లా ఒక్క ఫైబర్ బోటు. అతను వేటకు పోతే ఆమె చేపలు అమ్మేది. బోటు ఇల్లయిపోతుందన్న మాట విన్నప్పటినుంచి పోలమ్మకు అన్నం సయించడం లేదు. ఉచితంగా రెండో ఇల్లు వస్తోందని చుట్టాలు అభినందించడానికి వస్తే వాళ్లకు టీ కూడా ఇవ్వలేదు.

“ఇల్లేటి సేసుకుంటాం మావా? ఇల్లు సేపలు పట్టుద్దా?” అంది మొగుడితో.

“పట్టదు,” అని ఒప్పుకున్నాడు ఎల్లాజీ.

ఓడలు బళ్లవుతాయని సామెత ఉంది గానీ, పడవకు తగిన బండిని ఎలా వెతకాలో ఆ సామెత చెప్పదు. సర్క్యులర్ కూడా చెప్పలేదు. కమిటీ వేసుకోమని మాత్రం చెప్పింది. జలబదిలీల విభాగం నుంచి వేదాంతం గారనే అధికారి వచ్చి అధ్యక్షత వహించాడు. సౌమ్యుడు, ఎవరు ఏం చెప్పినా రాసుకునే మనిషి. వాహనాన్ని ఎంపిక చేయడం ఊళ్లో ఎవరికీ తెలియదు. సంబంధం కుదర్చడం మాత్రం అందరికీ తెలుసు. కాబట్టి పెళ్లిచూపులు ఏర్పాటు చేశారు.

పడవకు తలంటి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ట్రాలీ మీద కూర్చోబెట్టారు. షామియానా కింద బండ్లు వరసగా వచ్చి ఆగాయి. బండి తరఫున యజమాని మాట్లాడాలి, పడవ తరఫున కమిటీ అడగాలి. వచ్చిన బండ్లన్నిటికీ జంతికలు, పోకుండలు పెట్టారు. అవి తినకపోతే డ్రైవర్లు తిన్నారు.

ముందుగా కంకర క్వారీ బంగార్రాజు గారి నల్ల కారు వచ్చింది. ఎత్తయినది, అద్దంలా మెరుస్తోంది, లోపల ఏసీ, వెనక సీట్లకు తెరలు. దాన్ని చూడగానే ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఆ తెరలు చూసి పోలమ్మ కూడా మెత్తబడింది.

“మీ బండి ఏటేటి లాగుద్దండి?” అని అడిగాడు ఎల్లాజీ.

“లాగనిదేటుంది? మొన్న ఎలచ్చన్లలో రెండు నియోజకవర్గాలు లాగింది,” అన్నాడు బంగార్రాజు.

వేదాంతం గారు రాసుకున్నాడు. మైలేజీ సంగతి ఎత్తితే, అలాంటివి అడగడం తమ ఇళ్లలో మర్యాద కాదని బంగార్రాజు చెప్పాడు. కమిటీ క్షమాపణ కోరింది.

తర్వాత సన్యాసిరావు ట్రాక్టరు వచ్చింది. రంగు వెలిసిపోయి, ఒళ్లంతా బురదతో ఉంది. చూపులకు వచ్చేటప్పుడైనా కడగకూడదా అని ఎవరో అన్నారు.

“దీనికి ఏటైనా అవలచ్చణాలున్నాయా?” అని కమిటీ అడిగింది.

“ఉన్నాయండి. బరువెక్కువ. బ్రేకు మీద కాలెడితే సాలండి, సెట్టులాగ నిలబడిపోద్ది. మల్లీ కదలాలంటే బతిమాలుకోవాల,” అన్నాడు సన్యాసిరావు దిగులుగా. సొంత బండి గురించి అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

‘ఆగిపోయే గుణం’ అని లోపాల గడిలో నమోదైంది. లాగడానికి వచ్చిన బండికి ఆగడం దేనికని అందరూ నవ్వారు, పోలమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. అయినా నిబంధనల్లో బ్రేకుల గురించి ఒక గడి ఉంది కనుక, పడవను ఆపడం ఎలాగని వేదాంతం గారు లాంఛనంగా అడిగాడు. తాతలనాటినుంచీ పడవ నడిపిన వంశం ఎల్లాజీది. పడవలకు బ్రేకులుండవని, అయినా ఏ పడవా ఆగకుండా పోలేదని అతనికి బాగా తెలుసు.

“ఆపడానికేటి బాబూ, లంగరుంది గదా,” అన్నాడు.

నిపుణుడి మాట కనుక అధికారి ఆ గడిలో ‘లంగరు, కలదు’ అని రాశాడు. చివరగా పడవ సమ్మతి అడిగారు. అది ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం కాబట్టి సగం సమ్మతి వచ్చినట్టే, మిగతా సగం ప్రయాణం తర్వాత తీసుకోవచ్చని కమిటీ తీర్మానించింది. నల్ల కారుతో సంబంధం ఖాయమైంది.

ఊరేగింపు వైభవంగా బయలుదేరింది. ముందు బ్యాండు మేళం, దాని వెనక కారు, కారు వెనక ట్రాలీ మీద పడవ, పడవలో ఎల్లాజీతో పాటు కమిటీ సభ్యులందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు పడవ ఎక్కే ఆచారం ఆ ఊళ్లో లేదు. అందుకని పోలమ్మా, పేటలోని ఆడవాళ్లూ సన్యాసిరావు ట్రాక్టరెక్కి వెనకే వచ్చారు. సంబంధం తప్పిపోయినా పెళ్లికి రావడం మర్యాద అని సన్యాసిరావు అనుకున్నాడు. ఆడవాళ్లు దారి పొడుగునా పాటలు పాడారు. చాలా రోజుల తర్వాత పోలమ్మకు ఆకలేసింది.

మొగదారిపాలెం ముందు రోడ్డు సముద్రంలోకి దిగుతున్నట్టు ఏటవాలుగా ఉంటుంది. అక్కడ పడవ తన మిగతా సగం అభిప్రాయం వెల్లడించింది. అంతవరకూ కారు పడవను లాగుతోంది. అక్కణ్నుంచి పడవ కారును తోసుకుపోసాగింది. డ్రైవరు బ్రేకు తొక్కితే కారు చక్రాలు ఆగాయి గానీ కారు ఆగలేదు. మేళగాళ్లు వాయించడం ఆపకుండానే పక్కకు తప్పుకున్నారు. పడవలో కమిటీ కూడా ఉండటంతో బరువు రెట్టింపయిందని అధికారి లోపలే లెక్క కట్టుకున్నాడు గానీ, నడుస్తున్న సభ మధ్యలోంచి దిగిపోవడం సంప్రదాయం కాదు.

ఎల్లాజీ తన తండ్రి చేసేదే చేశాడు. లంగరెత్తి వెనక్కి విసిరాడు. తారు రోడ్డు ఇసుక కాదు కాబట్టి అది నిప్పురవ్వలు లేపుతూ గెంతుకుంటూ పోయి, వెనక వస్తున్న ట్రాక్టరు ముందరి ఇనుప కడ్డీకి తగులుకుంది.

“ఒలే, గట్టిగా కూకోండే! ఒక్కతీ దిగొద్దు!” అని అరిచింది పోలమ్మ. అప్పుడామె భయం కారు గురించీ కాదు, కమిటీ గురించీ కాదు. తన పడవ గురించీ, పడవలో ఉన్న మొగుడి గురించీ.

సన్యాసిరావు బ్రేకు మీద కాలు పెట్టాడు. ట్రాక్టరు తన అవలక్షణం చూపించింది. తాడు బిగిసింది. కారు ముందు చక్రాలు నీళ్లను తాకుతుండగా పెళ్లివారంతా నిలిచిపోయారు.

విలేకరులు వచ్చారు. బంగార్రాజు కారుకు ఆనుకుని నిలబడ్డాడు. కమిటీ సభ్యులు పడవలో లేచి నిలబడి చేతులూపారు. ఫొటో అయ్యేదాకా ఆడవాళ్లు దయచేసి ట్రాక్టరు దిగవద్దని, దిగితే ముందున్న పెద్దలందరూ సముద్రంలోకి జారిపోతారని వేదాంతం గారు కేకేసి చెప్పాడు. వాళ్లు దిగలేదు. ఫొటోలో అంతదూరం పట్టదు కనుక వాళ్లు అందులో పడలేదు.

తర్వాత కమిటీని దించి, కారును పక్కకు తీసి, పడవను నీళ్లలోకి తోశారు. అది తేలింది. సముద్రం పాత పరిచయం గుర్తుపట్టి పడవను రెండుసార్లు ఎత్తి దించింది. ఎల్లాజీ చంటిపిల్లాడిలా నవ్వాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి పోలమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ సంతోషానికి ఎవరి మంజూరూ అక్కర్లేకపోయింది.

వారం లోపలే సవరించిన సర్క్యులర్ వచ్చింది. ఇకపై ప్రతి పడవకూ రెండు బండ్లు తప్పనిసరి. లాగడానికి ముందొకటి, చూపులకు బాగుండాలి. ఆపడానికి వెనకొకటి, బరువుగా ఉండాలి. వెనక బండి నిండా స్త్రీలు కూర్చోవాలి. వారిని ‘గౌరవ బ్రేకులు’ అని వ్యవహరిస్తారు. గౌరవ పదవి కనుక జీతం ఉండదు. ముందు బండికి అద్దె, దండ, శాలువా ప్రభుత్వమే భరిస్తుంది.

పేటలో ఈ వార్త చదివి వినిపించినప్పుడు ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

“ఇందులో కొత్తేటుందే?” అంది పోలమ్మ. “నాను కాపరానికొచ్చిన కాడ్నించీ ఇదే పని గదా. ఇప్పుడు పేరెట్టేరు, అంతే.”

ఎల్లాజీ వలలు సర్దుకుంటున్నాడు. ఆ మాట విని, సర్దిన వలనే మళ్లీ సర్దాడు.

ఊళ్లో ఇంకా చాలా పడవలున్నాయి. బయట మేళం మొదలైంది, నల్ల కారుకు దండ వేస్తున్నారు. పోలమ్మ కొంగు బిగించుకుని, అందరికంటే ముందుగా వెళ్లి ట్రాక్టరెక్కి, పక్కన చోటు చూపిస్తూ మిగతావాళ్లను పిలిచింది.

“రండే, ఎక్కండి. ఆళ్లు బయలెల్లిపోతన్నారు.”