కొలతల పుస్తకానికి తెల్ల రంగు

మా కోడలు రజిత, చనిపోయిన నా భార్య కొలతల పుస్తకాన్ని అడగకుండా తీసుకుని, నలభై రెండు పేజీలకు తెల్ల రంగు పూసి, వాటి మీద బొమ్మలు గీసింది. ఇది జరిగిపోయిన సంగతి. దీని మీద వాదన లేదు.

కాబట్టి, ఆన్‌లైన్ డ్రాయింగ్ క్లాసులంత గొప్ప వరం ఈ దేశానికి ఇంకొకటి రాలేదని ఇప్పుడు నిరూపిస్తాను. నవ్వకండి. నేను నవ్వడం లేదు.

ముందు ఆ క్లాసేమిటో చెప్పాలి. కామాక్షి మేడమ్ అని ఒకామె ఉంది. ఏ ఊళ్ళో ఉంటుందో తెలియదు. లాప్‌టాప్‌లో ఉంటుంది. వంద రోజులు, వంద పేజీలు అని ఆమె కోర్సు. రోజుకొక బొమ్మ గీయాలి, పక్కన నాలుగు మాటలు రాయాలి, ఏదో ఒక ముక్క అతికించాలి. దాన్ని ఆర్ట్ జర్నల్ అంటారు. కొత్త పుస్తకం కొనకూడదట! తెల్ల కాగితం చూస్తే కొత్తవాళ్లకు భయమట. అందుకని ఇంట్లో ఎవరికీ పనికిరాని పాత పుస్తకం తీసుకోవాలట. దాని పేజీలకు జెస్సో అనే తెల్ల రంగు పూసి, ఆరాక గీయాలట. తెల్లగా ఉంటే భయమైనప్పుడు మళ్ళీ తెల్ల రంగు ఎందుకని నన్ను అడగొద్దు. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి.

మా బడిలోనూ డ్రాయింగు ఉండేది. మామిడికాయ. ఏడేళ్లూ అదే మామిడికాయ. పంతులు బోర్డు మీద వేసినదాని కన్నా పెద్దగా వేస్తే ఒక దెబ్బ, చిన్నగా వేస్తే రెండు. ఆ తర్వాత నేను బస్ డిపోలో మెకానిక్‌గా ముప్పై ఆరేళ్లు పనిచేశాను. ఒక్కరూ నన్ను మామిడికాయ గీయమని అడగలేదు.

ఇక మేలు సంగతి వినండి.

రజిత ఆ క్లాసులో చేరిన నాటి నుంచి మా ఇంట్లో ఒక్కరికీ నోరు కాలలేదు. చాయ్ గీసిన తర్వాతే తాగాలి. కప్పు గీసి, కప్పు నీడ గీసి, ఆవిరి దగ్గరికి వచ్చేసరికి ఆవిరి ఉండదు. ఆమె ఆవిరిని ఊహించుకుని గీస్తుంది. మేము వేడిని ఊహించుకుని తాగుతాం.

మా అబ్బాయి రాజేందర్ నాలుగు కిలోలు తగ్గాడు. డాక్టరు మెచ్చుకున్నాడు. ఏ డైటని అడిగితే ఏం చెబుతాడు పాపం? ఇడ్లీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి తొందరగా దొరుకుతుంది, బిర్యానీకి మాత్రం మెతుకు మెతుకుకూ నీడ వెయ్యాలి సార్ అని చెబుతాడా?

బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చేది నేనే. ఇదివరకు లేతవి ఏరేవాణ్ణి. ఇప్పుడు ముఖం బాగున్నవి ఏరుతున్నాను. వంకర తిరిగిన వంకాయ, ముక్కు మొలిచిన టమాట, కాలు మీద కాలు వేసుకున్న క్యారెట్. అమ్మేవాడు నా కోసం వాటిని ఒక పక్కన తీసి పెడుతున్నాడు. నలభై ఏళ్లు బేరమాడినా దక్కని మర్యాద అది!

నా బీపీ మందుల చీటీ కూడా జర్నల్‌లో అతుక్కుంది. దాని చుట్టూ బంతిపూలు. మాత్రలు అయిపోయిన రోజు ఆ పుస్తకాన్నే మెడికల్ షాపుకు తీసుకుపోయాను. షాపు నాసర్ చాలాసేపు చూశాడు. "పువ్వు మంచిగుంది చాచా. దినానికి ఒకటా, రెండా?" అన్నాడు. పువ్వు గురించి అడిగాడో, మాత్ర గురించి అడిగాడో ఇప్పటికీ తెలియదు. రెండు వేసుకుంటున్నాను.

అన్నిటికన్నా మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బాగుపడింది. ప్రెసిడెంట్ పద్మనాభం నీటి ట్యాంకు గురించి మాట్లాడడం మొదలుపెడితే రెండు గంటలు. రజితను చూసి పక్క ఫ్లాట్ల ఆడవాళ్లు ముగ్గురు అదే క్లాసులో చేరారు. మొన్నటి మీటింగులో నలుగురూ ముందు వరుసలో కూర్చుని, పెన్సిల్ చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి అతని ముక్కు కొలవడం మొదలుపెట్టారు. మీటింగు పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ట్యాంకు కూడా కడిగించాడు.

ఇన్ని మేళ్లు చేసిన విద్య ఇంకొకటి చూపించండి!

ఇప్పుడు పుస్తకం దగ్గరికి వస్తాను. రాక తప్పదు.

నా భార్య శారద. బోయిగూడలో అందరికీ టైలర్ శారదమ్మ. ఇరవై ఏడేళ్లు మా ముందు గదిలో జాకెట్లు కుట్టింది. వచ్చిపోయేవాళ్ల కొలతలు చీటీల మీద రాసి పారేసేది. ఏళ్ల తరబడి వచ్చేవాళ్లకు మాత్రం ఒక వంద పేజీల పొడుగు నోటు పుస్తకంలో మనిషికో పేజీ పెట్టింది. నాలుగేళ్ల కింద పోయింది. పుస్తకం కుట్టు మిషన్ సొరుగులోనే ఉండిపోయింది. రజిత ఈ ఇంటికి వచ్చి రెండేళ్లు. అత్తను ఫొటోలో తప్ప చూడలేదు.

క్లాసు మొదలైన ముప్పై ఒకటో రోజు కింది ఫ్లాట్ సబీహా మా ఇంటికి వచ్చింది. మొగుడు కలీముల్లాతో పందెం పడిందట. రజిత గదిలో ఆఫీసు మీటింగులో ఉంది. సబీహా నాతోనే అంది.

"అన్నా, నా పెండ్లయిన కొత్తల శారదక్క తీసిన నాప్ ఉంటది గదా. నడుము ఇరవై ఆరు. మా ఆయన నమ్ముతలేడు. జెర ఆ కాగితం చూపియ్యి."

సొరుగు తీశాను. ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది. రజిత బల్ల మీది జర్నల్ తెచ్చి తిప్పాను. అంచున పేరు మిగిలిన సబీహా పేజీలో సబీహా లేదు. ప్రెషర్ కుక్కర్ ఉంది. బాగా గీసింది. మూత మీద వెలుగు కూడా వేసింది. దొరకలేదమ్మా, రేపు చూస్తానని చెప్పి పంపించేశాను.

తర్వాత కూర్చుని రంగు పడని పేజీలు చూశాను.

ప్రతి పేజీలో ఒక జాకెట్టు మెడ గీసి ఉంది. కుండ మెడ, పలక మెడ, ఆకు మెడ. ఒకటే గీత, దిద్దుడు లేదు. పక్కన గుండుసూదితో గుడ్డముక్క. కింద కొలతలు. కొలతల కింద మాటలు. "కొత్త పెండ్లిపిల్ల. భయపడ్తుంది. ఒక ఇంచు లోపల వదులు పెట్టాలె, ఆర్నెల్లకు విప్పమని వస్తది." ఇంకొకామె పేజీలో, "వీపు మీద మచ్చ. వెనక మెడ దించమని అడిగితే కుదరదని నేనే చెప్పాలె. ఆమెతోని చెప్పియ్యొద్దు." మరొక పేజీలో, "ఈమెకు ఎంత మంచిగ కుట్టినా బాగలేదంటది. మంచిగనే కుట్టు."

బొమ్మ, మాట, అతికించిన ముక్క. కామాక్షి మేడమ్ కోర్సు ఇదే కదా?

అరవై తొమ్మిది మంది మిగిలారు. రోజుకొకరు తెల్ల రంగు కిందికి వెళతారు. వాళ్లను ఆపాలి. అప్పటి నుంచి నాకు అదొక్కటే పని.

అడగవచ్చు కదా అంటారు. నేను ఎవరినీ ఏదీ అడగను. ముప్పై ఏళ్లు అడగకుండానే అన్నీ చేతికి అందాయి. ఆ అలవాటు ఇప్పుడు పోదు.

రాంగోపాల్‌పేట్ వెళ్లి మందపాటి అట్టతో కొత్త డ్రాయింగ్ పుస్తకం కొనుక్కొచ్చి రజిత బల్ల మీద పెట్టాను. మురిసిపోయింది. వచ్చే వంద రోజులకు దాచిపెట్టింది. ఆ సాయంత్రం ఇంకొక పేజీకి రంగు పూసింది.

మర్నాడు పాత పుస్తకాన్ని బియ్యం డ్రమ్ములో దాచాను. మీ ఇంట్లో బొమ్మలు గీసేవాళ్లు ఉంటే ఏదీ దాచకండి! ఆ రోజు మేడమ్ ఇచ్చిన అంశం, ఏదైనా ఒక మూత తీసి లోపల ఉన్నది గీయమని. ఇంట్లో ఉన్న యాభై మూతల్లో రజిత బియ్యం డ్రమ్ము మూతే తీసింది. "నేనే యాది మరిచి ఇందుల పెట్టినట్టున్న మామా" అని నవ్వింది. నేనూ నవ్వాను. బియ్యంలో పుస్తకం ఎలా ఉంటుందో గీసి, ఆ బొమ్మను ఇంకొక ఆడమనిషి కొలతల మీదే వేసింది.

చివరికి నేనే క్లాసులో కూర్చున్నాను. ఒకరు చేరితే ఇంట్లో ఇంకొకరు పక్కన కూర్చోవచ్చట. ఆదివారం పొద్దున పదింటికి. తెర నిండా నలభై మంది ముఖాలు. నా మొదటి పాఠం స్టీల్ గ్లాసు. గీయొద్దు, ఐదు నిమిషాలు ఊరికే చూడమంది మేడమ్. పెళ్ళయిన నాటి నుంచి ఆ గ్లాసులోనే నీళ్లు తాగుతున్నాను. అంచు కింద నా పేరు కొట్టించి ఉందని ఆ రోజు చూశాను. నేను కొట్టించలేదు.

రెండో ఆదివారం ఎవరి పేజీ వాళ్లు చూపించాలి. అప్పటికి నలభై రెండు పేజీలు అయిపోయాయి. నలభై మూడోది ఆ సాయంత్రానికి ఉంది. నా గ్లాసు బొమ్మ మామిడికాయలా వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టి, రజిత పుస్తకం తీసుకుని, నలభై మూడో పేజీని కెమెరాకు ఎదురుగా పట్టుకున్నాను. 

మేడమ్ తెరకు దగ్గరగా వచ్చింది. పేజీ కింది మాటలు పైకే చదివింది. "ఎడమ భుజం దిగింది. బిందె ఆ దిక్కే మోస్తది. ఆ దిక్కు పావు ఇంచు ఎక్కువ పెట్టాలె."

"ఇది ఎవరు చేశారు అంకుల్?"

"మా ఇంటామె."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడ నేర్వలే. జాకెట్లు కుట్టేది."

వంద రోజులు తిప్పలు పడి తాను నేర్పించాలని చూసేది ఇదే అంది మేడమ్. ఇలాంటి పేజీ ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, ఎదురుగా కూర్చుని చూడండి అని నలభై మందికీ చెప్పింది. తర్వాత, పక్క పేజీ మీది తెల్ల రంగు చూసి, అడగవలసిన మాటే అడిగింది. మరి ముందు పేజీలన్నిటికీ జెస్సో ఎందుకు వేశారు?

నేను నా గ్లాసు బొమ్మను సర్దుకుంటూ కూర్చున్నాను.

రజిత నా భుజం మీదుగా ముందుకు వంగింది. "నేనే మేడమ్. మామను అడగకుండ తీస్కున్న. ఆయనకు తెల్వదు" అంది.

తెర మీద నలభై ముఖాలూ ఆమెను చూశాయి. ఒకామె తల అడ్డంగా ఊపింది. క్లాసు అయిపోయింది. రజిత లాప్‌టాప్ మూసి, పుస్తకం తుడిచి, నా చేతికి ఇచ్చింది. ఆ సాయంత్రం నలభై మూడో బొమ్మను కొత్త పుస్తకంలో వేసింది.

యాభై ఎనిమిది మంది మిగిలారు. నేను గుండుసూదులు మార్చాను. పాతవి తుప్పు పట్టాయి.

సబీహా ఊరుకోలేదు. ఈసారి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కుక్కర్ బొమ్మ చూపించి సంగతి చెప్పాను. శారద పెన్ను గట్టిగా నొక్కి రాసేది. పేజీ వెనక వేలితో తడిమితే అంకెలు తగులుతున్నాయి. కలీముల్లా తడిమాడు, అతనికి ఏమీ తెలియలేదు. నన్ను చదవమన్నాడు. అక్కడ ఉన్నది ఇరవై తొమ్మిది. ఇరవై ఆరు అని చదివాను. పందెం ఓడినవాడు ఆ రాత్రికి అందరికీ డబుల్ కా మీఠా తెప్పించాడు. ఎవరూ గీయకముందే తిన్నాం.

అబద్ధాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా ఉంది. నేను ఈ రచన మొదలుపెట్టిన వాక్యం అబద్ధం. రజిత అడగకుండా తీసుకోలేదు. రెండుసార్లు అడిగింది. పాత పుస్తకం ఏదన్నా ఉందా మామా అని ఒకసారి. సొరుగు తీశాక, ఇది అత్తమ్మది గదా, పర్వాలేదా అని ఇంకొకసారి. నేను పేపర్ చదువుతున్నాను. తల ఎత్తలేదు. "కొలతలే గదా, తీస్కో" అన్నాను. ముప్పై ఏళ్లకు పైగా నా ఇంట్లో ఉన్న పుస్తకం. అప్పటికి ఒక్కసారీ తెరిచి చూడలేదు.

నలభై మంది ముందు ఆ పిల్ల మాట పడింది. నేను పక్కనే కూర్చుని పడనిచ్చాను.

ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తను. ఇంట్లోనూ ఎత్తను, ఇక్కడా ఎత్తను. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాను.