డ్రిల్లు మాస్టారు పాకిన ఉదయం

ఆ ఆదివారం డ్రిల్లు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తోడల్లుడు తన కొడుకును చంకనేసుకుని వచ్చేలోగా కూతురికి పాకడం నేర్పెయ్యాలి. ఊళ్లో పిల్లలందర్నీ పరుగులు పెట్టించే మనిషికి పుట్టిన పిల్ల, ఏడాది నిండవస్తున్నా చాప దిగి కదలదు. తోడల్లుడి కొడుకు ఆరో నెలలోనే పాకేశాడని తోడల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా చెబుతాడు.

"పసితనంలో కాళ్ళూ చేతులూ బాగా ఆడిన పిల్లలే బళ్ళో ముందుంటారట. పేపర్లో రాశారు. మన పిల్ల వెనకబడిపోతే?" అన్నారు మాస్టారు భార్యతో, నిజంగానే దిగులుపడుతూ.

"దాన్ని బళ్ళో వెయ్యడానికి బోలెడు టైముంది. నేను స్నానం చేసొచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండండి, చాలు," అని ఆవిడ వెళ్ళి కుళాయి తిప్పింది.

ఊరికే చూస్తూ ఉండడం మాస్టారి ఒంట్లో లేదు. మెళ్ళో ఈల వేసుకుని, "ఇలా చూడమ్మా! కుడి చెయ్యి, ఎడమ మోకాలు!" అంటూ తనే పాకడం మొదలుపెట్టారు. పాప కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకి ఉబ్బిపోయి, మాస్టారు చాప పక్కనున్న మంచం కింద అటువైపు నుంచి దూరి పాపకి ఎదురుగా తల బయటపెట్టారు. తల వచ్చింది. చేతులూ పొట్టా రాలేదు.

అరిచారు. కుళాయి చప్పుడులో భార్యకి వినపడలేదు. ఈల పళ్ళతో అందుకుని గట్టిగా మూడుసార్లు ఊదారు.

ఊదాక గుర్తొచ్చింది. మూడు పొడుగు ఈలలంటే నిప్పంటుకున్నట్టు, ఎక్కడివక్కడ వదిలేసి కిందికి పరిగెత్తాలి. మొన్ననే తాముంటున్న మేడలో వాళ్ళందరికీ ఈ పాఠం నేర్పింది ఆయనే. మెట్ల మీద దడదడా అడుగులు వినపడగానే కంగారుగా రెండు పొట్టి ఈలలు ఊదారు. అంటే అంతా క్షేమమని. కానీ మొన్న ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి సగం మంది టీలకి జారుకున్నారు.

"మళ్ళీ ఊదుతున్నారు! పై అంతస్తుకీ అంటుకున్నట్టుంది!" అని ఎవరో కేకేశారు. పైయింటి రిటైర్డు గుమాస్తా ఫైరింజనుకి ఫోన్ కొట్టేశారు.

భార్య తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చింది. "నిప్పెక్కడండీ?"

"నిప్పు లేదు. నేనున్నాను!"

ఆవిడ నవ్వాపుకుని మంచం ఎత్తబోయింది గానీ అది కదల్లేదు. ఈలోగా గొట్టం పట్టుకుని ఫైరింజనువాళ్ళు, వాళ్ళ వెనకాలే కొడుకుతో సహా తోడల్లుడు గుమ్మంలోకి వచ్చేశారు.

"ఆర్పాల్సింది ఈయన్నేనా?" అన్నాడు ఫైరింజనువాళ్ళ పెద్ద.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఈలని మళ్ళీ పళ్ళతో కరిచిపట్టుకున్నారు.

పాప కళ్ళు ఆ మెరిసే ఈల మీదే ఉన్నాయి. పక్కనున్న కుర్చీ పట్టుకుని లేచింది. కాసేపు ఊగింది. కుర్చీ వదిలేసింది! తప్పటడుగులేసుకుంటూ నేరుగా నాన్న మొహం దగ్గరికొచ్చి చతికిలబడి, రెండు వేళ్ళతో ఈలని తాడుతో సహా ఆయన తల మీదుగా లాక్కుంది. ఊదింది కూడా.

ఫైరింజనువాళ్ళు చప్పట్లు కొట్టారు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో ఆయన కన్నా గర్వపడ్డ తండ్రి మరొకడు ఉండడు.

"నడిచింది! ఆ వేళ్ళ పట్టు చూశారా? పెన్సిల్ ఇచ్చి చూడండి, బళ్ళో దీనికి తిరుగుంటే నన్నడగండి!"

"మరి పాకనే లేదుగా?" అని గొణిగాడు తోడల్లుడు.

"దాని వంతు కూడా వాళ్ళ నాన్నే పాకేశారుగా బావగారూ," అంది మాస్టారి భార్య, పాపని ఎత్తి ముద్దుపెట్టుకుంటూ.

కింద గుమిగూడిన వాళ్ళకి పాప నడక చూపించాలని అందరూ గబగబా మెట్లు దిగిపోయారు. మంచం కింద మాస్టారున్న సంగతి చాలాసేపటికి గానీ ఎవరికీ గుర్తురాలేదు. ఊదుదామంటే ఆయన దగ్గర ఈల కూడా లేదు.