ఈశాన్యం తరిగిన ఇల్లు

మదనపల్లె సమతా నగర్ రెండో వీధిలో కులభేదాలు లేవని మా గృహస్థుల సంఘం ఏటా ఒక తీర్మానం చేస్తుంది. కార్యదర్శిగా దాన్ని పుస్తకంలో రాసేది నేనే. లేనిదాని గురించి ఏటా తీర్మానం దేనికని ఒక కొత్త సభ్యుడు అడిగితే, మంచి విషయాలు ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువేనని అధ్యక్షులు నారాయణస్వామిగారు సెలవిచ్చారు. కాబట్టి కింద రాయబోయే సంగతులు మా వీధిలో జరిగినవే అయినా మా వీధికి ఎంతమాత్రం సంబంధించినవి కావని పాఠకులు దయచేసి గమనించాలి.

మా పక్కింటి వెంకటముని విద్యుత్ శాఖలో ఇంజనీరు. భార్య నీరజ ఆసుపత్రిలో నర్సు. వెంకటముని తల్లి మునిలక్ష్మమ్మ పెద్దమండ్యం దగ్గర ఒక పల్లెలో నలభై ఏళ్లు కూలికి పోయి, ఆ కూలితోనే కొడుకును చదివించింది. పదేళ్ల కిందట వాళ్లు ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరికీ కుప్పం బదిలీ అయింది. కుప్పంలో ఒక ఇంటికి అడ్వాన్సు ఇచ్చారు. మూడు నెలల్లో ఇక్కడి ఇల్లు అమ్ముడుపోకపోతే అక్కడి ఇల్లూ పోతుంది, అడ్వాన్సూ పోతుంది.

ఇల్లు బాగుంటుంది. ఈ మాట నేను చెప్పడం కాదు, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. గదులు చూసి తలూపారు, గోడలు తట్టి చూశారు, మేడ మీదికెక్కి గాలికి పొంగిపోయారు. దిగి వచ్చాక, గడప దాటబోతూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక్క మాట అడిగేవారు.

"ఇంతకీ మీరేమోళ్లప్పా?"

వెంకటముని తన కులం చెప్పేవాడు. చెప్పీ చెప్పగానే ఇంటి ఈశాన్యం తరిగిపోయేది. అంతదాకా చక్కగా ఉన్న మెట్లు తప్పు దిక్కుకు తిరిగేవి. బోరు నీళ్లు నోట్లో పోసుకోకుండానే ఉప్పగా తేలేవి. వాస్తు ఇంత చురుగ్గా పనిచేయడం నేను మరెక్కడా చూడలేదు. తొమ్మిది కుటుంబాలు వచ్చాయి, తొమ్మిదింటికీ ఈశాన్యమే తరిగింది. పదో ఆయన మర్యాదస్తుడు. మొహం మీద చెప్పలేక, ఇంటికి చేరుకున్నాక ఫోను చేసి తరిగిందన్నాడు.

అలాంటి సమయంలో కిషోర్ రంగప్రవేశం చేశాడు. ఆయనది పుంగనూరు. బెంగళూరులో ఆరేళ్లుండి హోమ్ స్టేజింగ్ అనే విద్య నేర్చుకొచ్చాడు. అమ్మే ఇంటిని కొనేవాళ్ల కంటికి నచ్చేలా ముస్తాబు చేయడం ఆ విద్య. ఇల్లంతా ఒకసారి కలియదిరిగి, సోఫాలో కూర్చుని, ఆయన ఇచ్చిన ఉపన్యాసం ఇది.

"సార్, ఇల్లు ఎవురూ కొనరు. ఫీలింగు కొంటారు. మీ ఇంట్లో ఏ మూల సూసినా మీరే కనబడతాండారు. మీరు కనబడకూడదు సార్. ఈడ ఎవురో గొప్పోళ్లు ఉండారు, ఇప్పుడే కారెక్కి యాడికో పోయినారు అనిపించల్ల."

మొదటి విడతలో ఇంటివాళ్లను తొలగించే కార్యక్రమం జరిగింది. గోడ మీది కుటుంబం ఫోటోలు దించేశారు. వాటి స్థానంలో బెంగళూరు అంగట్లో ఫ్రేముతో పాటు ఉచితంగా వచ్చిన ఒక నవ్వుతున్న కుటుంబాన్ని, వాళ్ల కుక్కతో సహా, వేలాడదీశారు. వంటింట్లో మునిలక్ష్మమ్మ గంపలో పోసిపెట్టుకున్న టమోటాలు చవకబారుగా కనిపిస్తున్నాయని తీయించి, గాజు గిన్నెలో మైనంతో చేసిన ఆకుపచ్చ ఆపిళ్లు పెట్టారు. రాష్ట్రాలకు రాష్ట్రాలే టమోటాల కోసం ఎదురుచూసే ఊళ్లో టమోటా లేని వంటిల్లు ఒకటి వెలిసింది. పొయ్యి మీద ఎప్పుడూ దాల్చినచెక్క నీళ్లు మరుగుతుండాలని ఉత్తర్వు. ఎండు చేపల డబ్బా పరిపాలనా సౌలభ్యం కోసం వెంకటముని ఆఫీసులోని ఫైళ్ల బీరువాకు బదిలీ అయింది.

ఆ వారం వచ్చినవాళ్లు ఆపిళ్లను మెచ్చుకుని, కుక్కను మెచ్చుకుని, గడప దగ్గర ఆ ఒక్క మాటా అడిగి, ఈశాన్యం తరిగించి వెళ్లారు.

కిషోర్ నిరుత్సాహపడే మనిషి కాదు. లోపం కుర్చీల్లో లేదని, ఇంకొంచెం లోతుగా స్టేజింగ్ చేయాలని తేల్చాడు. రెండో విడతలో సామాన్ల గది పూజగదిగా పదోన్నతి పొందింది. ఇత్తడి దీపాలొచ్చాయి. హాలు మూలకు ఒక వీణ వచ్చింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మోగుతుంది. గేటు మీది "వెంకటముని, ఇంజనీరు" పలక పోయి "శ్రీనిలయం" వచ్చింది. వెంకటముని ఆదివారాలు జరీ పంచె కట్టుకోవాలి. ఎవరైనా అడిగితే "మాది పెద్దమండ్యం పక్క. నాయన కాలం నుంచీ వ్యవసాయం" అని చెప్పి, నవ్వి, ఊరుకోవాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. వాళ్ల నాయన చేసింది వ్యవసాయమే. పొలమే వేరేవాళ్లది.

అన్నిటికీ మించి, ఆదివారం ఆదివారం పుంగనూరు నుంచి చిన్న టెంపోలో ఒక ఆవు దిగేది. పుంగనూరు ఆవు మోకాలి కన్నా కాస్త ఎక్కువ ఎత్తుంటుంది, గడప ముందు కట్టేస్తే వంశగౌరవం మాత్రం మేడను మించి కనిపిస్తుందని కిషోర్ సిద్ధాంతం. సాయంత్రం ఐదుకు వంశగౌరవాన్ని మళ్లీ టెంపో ఎక్కించేవాళ్లు.

ఒక్క సమస్య మిగిలింది. మునిలక్ష్మమ్మ. ఆమె మాటలో, నడకలో, చేతివేళ్లలో నలభై ఏళ్ల కూలి ఉంది. అది ఏ పట్టుచీరకూ లొంగలేదు. "అమ్మను ఆదివారాలు రవంత పక్కన పెట్టుకోండి సార్," అన్నాడు కిషోర్ వినయంగా. ఇంటికి కొత్త పెయింటు వేస్తున్నారని, ఆ వాసన ఆమె దగ్గుకు పడదని కొడుకు చెప్పాడు. ఆదివారాలు అత్తను మీ ఇంట్లో కూర్చోబెట్టుకుంటారా అని నీరజ మా ఇంటికొచ్చి అడిగింది. ఆ ఆదివారం మా ఇంట్లో వ్రతం ఉండింది. మరుసటి ఆదివారమూ ఉండింది. దాంతో ఆమె టిఫిను డబ్బాతో బస్టాండుకు పోయి, వచ్చే పోయే బస్సులను చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేది. కూరగాయలకు పోయినప్పుడు నేను ఆమెను రెండుసార్లు చూశాను. ఎండగా ఉండటంతో ఆగలేదు.

మూడో ఆదివారం శాంతిపురం నుంచి నల్లప్ప, ఆయన భార్య యశోదమ్మ వచ్చారు. గ్రానైటు పాలిష్ చేసే వ్యాపారం. పిల్లల చదువు కోసం మదనపల్లెలో ఇల్లు కావాలన్నారు. పెద్ద తెల్ల కారులో దిగారు. వెంట పట్టు కండువా కప్పుకున్న ఒక వృద్ధుడిని పెదనాయనగా పరిచయం చేశారు. ఆయన ఆవుకు దండం పెట్టాడు, వీణకు దండం పెట్టాడు, ఫ్రేములోని కుక్కకు కూడా పెట్టబోయి ఆగాడు. నన్ను ఇరుగుపొరుగు మర్యాదను ప్రదర్శించే నిమిత్తం కిషోరే పిలిపించాడు.

నల్లప్ప ఇల్లంతా చూశాడు. గడప దాకా వచ్చాడు. అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన ఆ మాట అడగలేదు! "ఇల్లు మాకు శానా నచ్చిందన్నా," అని మాత్రం అన్నాడు. కిషోర్ కళ్లు మూసుకుని ఎవరికో నమస్కరించుకున్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఇల్లు అమ్ముడుపోయేది. కానీ మూడు ఆదివారాలు జరీ పంచె కట్టుకున్న మనిషి మనసులో ఏవో మార్పులు వస్తాయి. వెంకటముని మీసం సవరించుకుని, సోఫాలో ఒరిగి, ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుని, తాపీగా అడిగాడు.

"ఇంతకీ మీరేమోళ్లప్పా?"

నల్లప్ప కిషోర్ వైపు ఒకసారి చూసి, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "మాది శాంతిపురం పక్కన్నా. నాయన కాలం నుంచీ వ్యవసాయం." నవ్వి, ఊరుకున్నాడు.

మాట మాటకూ, నవ్వు నవ్వుకూ సరిపోయింది. వెంకటముని కూడా కిషోర్ వైపు చూశాడు. కిషోర్ వీణ వైపు చూశాడు. మంచి వీధుల్లో ఇళ్లు అమ్మేవాళ్లు కొనేవాళ్లను కూడా అదే ప్రశ్న అడుగుతారు కనుక, ఆయన సంస్థలో కొనుగోలుదారుల ముస్తాబు విభాగం ఒకటి ఉందని, తెల్ల కారూ పెదనాయనా ఆ విభాగం ఆస్తులేనని మాకు తర్వాత తెలిసింది.

సరిగ్గా అప్పుడే ఆవుకు ఆకలైంది. గడప ముందు పరిచిన ప్లాస్టిక్ గడ్డిని కొరికి చూసి, అవమానం భరించలేక, తాడు తెంచుకుని హాల్లోకి వచ్చింది. వీణ పడింది, చాలాసేపు మోగింది. ఆవు పూజగదిలో దూరి కాగితపు పూలదండ నమలసాగింది. పంచెల్లో ఉన్న మగవాళ్లం అందరం సోఫాలెక్కాం.

బస్టాండులో వాన పట్టుకోవడంతో మునిలక్ష్మమ్మ ఆ పూట తొందరగా ఇంటికొచ్చింది. తడిచిన చీరతో లోపలికి రావడం, టిఫిను డబ్బా కింద పెట్టడం, ఆవు మెడ కింద చెయ్యేసి "పా తల్లీ" అని బయటికి తోలుకుపోవడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. తిరిగొచ్చి చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, గోడకు కరుచుకుని నిలబడిన యశోదమ్మను చూసింది. దగ్గరికి పోయి గడ్డం పట్టుకుని చూసింది.

"ఏమ్మే, నువ్వు మునిస్వామి కూతురు యశోదవు గదా? యాల అట్ల సూస్తాండావు? మీ యమ్మా నేనూ ఒకే సాలులో చెనిక్కాయలు పీకినోళ్లం గదమ్మే! నిన్ను చెట్టుకు ఉయ్యాల కట్టి పండుకోబెడతా ఉంటిమి."

యశోదమ్మ పట్టుచీర సంగతి మరచి ఆమెను కావిలించుకుంది. "అత్తా, అమ్మ పోయి రెండేండ్లాయ. ఎంత తలుసుకునేదో నిన్ను," అని ఏడ్చింది. పెదనాయన మెల్లగా కిషోర్ దగ్గరికి జరిగి, "సార్, నాకు ఇంకా ఏమన్నా మాట్లాడేది ఉండాదా?" అని అడిగాడు.

ఇద్దరు ఆడవాళ్లూ వంటింట్లోకి పోయారు. మునిలక్ష్మమ్మ మైనపు ఆపిళ్లను గిన్నెతో సహా పక్కకు నెట్టి, ఎక్కడో దాచిన టమోటాలు తీసి, ఊరిబిండి పచ్చడి నూరింది. నేల మీద కూర్చుని సంగటి ముద్ద చెరి సగం తిన్నారు. దాల్చినచెక్క పొయ్యి మీద మాడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఇల్లు అమ్ముడుపోయినట్టేనని పాఠకులు సంతోషిస్తుంటారు. ఆ అమాయకత్వం మెచ్చదగినదే. వరండాలో నల్లప్ప వెంకటముని చెయ్యి పట్టుకుని తగ్గు స్వరంతో అన్నాడు.

"అన్నా, ఏమీ అనుకోగాకు. ఇల్లు బంగారట్ల ఉండాది. అయితే మనోళ్ల ఇల్లు మనోళ్లే కొంటే, రేపు నేను అమ్మబోతే ఎవురు కొంటారన్నా?"

వెంకటముని ఆ మాటను కాదనలేడు. కుప్పంలో అడ్వాన్సు ఇచ్చే ముందు అక్కడి బ్రోకరుతో ఆయన అక్షరాలా ఇదే మాట అన్నాడని నీరజ ఒకసారి నాకు చెప్పింది. నల్లప్ప కుటుంబం తెల్ల కారెక్కి వెళ్లిపోయింది. యశోదమ్మ వీధి మలుపు దాకా తల బయట పెట్టి చూస్తూనే ఉంది.

మునిలక్ష్మమ్మ వాకిట్లోకి వచ్చి గోడను చేత్తో రుద్ది, వేళ్లు చూసుకుంది. పెయింటు పాతదే.

"అయితే పెయింటు వాసన గాదన్నమాట," అంది కొడుకుతో. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేదేమో. వెంకటముని జరీ పంచెతోనే మెట్ల మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని తడిచిన తల ఆరబెట్టుకుంది. చీకటి పడే వేళకు ఆయన ఆఫీసుకు పోయి చేపల డబ్బాను సొంత చేతులతో వెనక్కి తెచ్చాడు. మర్నాడు ఫోటోలు మళ్లీ గోడెక్కాయి, పలక గేటెక్కింది. ఆమె ఆ తర్వాత ఏ ఆదివారమూ బస్టాండుకు పోలేదు.

గడువుకు నాలుగు రోజుల ముందు, ఎండు చేపల పులుసు ఘుమఘుమలాడుతుండగా, కోళ్ల దాణా కంపెనీ ఒకటి ఆఫీసు కోసం ఇల్లు చూసింది. మేనేజరు గడప దగ్గర ఆ మాట అడిగాడు. వెంకటముని చెప్పాడు. కాపురముండేది కంపెనీయే కానీ తాను కాదు కనుక మేనేజరు సంతకం చేశాడు. కిషోర్ ప్రస్తుతం కుప్పంలో కొత్త శాఖ తెరిచాడు. బాగా నడుస్తోందట.

వాళ్లు వెళ్లే ముందు మా సంఘం వీడ్కోలు సభ పెట్టింది. శాలువా కప్పాం. అధ్యక్షులు నారాయణస్వామిగారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "పదేళ్లు మన మధ్య ఉన్నారు. మీరెవరని మనం ఏనాడైనా అడిగామా? అడగలేదు. అది మన సమతా నగర్ సంస్కారం. అడగాల్సిన అవసరమే మనకు రాలేదు. పునాది తీసేటప్పుడే కనుక్కున్నాం కదా!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఆ సందట్లో ముందు వరుసలోంచి మునిలక్ష్మమ్మ లేచి నిలబడింది.

"శానా సంతోషం అప్పా. అంత బాగా తెలిసినోళ్లు, పదేండ్లలో ఒక్క తూరన్నా మా ఇంట్లోకొచ్చి గ్లాసుడు నీళ్లు తాగలేదే, యాల?"

అడిగింది నారాయణస్వామిగారినే అయినా, ఎందుకో మేమందరం నేల చూపులు చూశాం. కార్యక్రమ పత్రంలో ప్రశ్నలకు సమయం కేటాయించి లేదు. నేను వెంటనే మైకు అందుకుని జాతీయ గీతం మొదలుపెట్టాను. అందరూ నిటారుగా నిలబడ్డారు. జాతీయ గీతం నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు కదా.