ఒకే బురదలో ముప్పై ఏడు గుండుసూదులు

అడవి బాగుపడాలంటే విత్తనాలు అక్కర్లేదు, ఎరువులు అక్కర్లేదు, శాస్త్రవేత్తలు అసలే అక్కర్లేదు. ఊరినిండా అబద్ధాలకోర్లు ఉంటే చాలు!

నవ్వకండి. రెండు కప్పుల కాఫీ తాగి, బాగా ఆలోచించి మరీ రాస్తున్నాను. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా కైవోలాలో ఈ సంగతి రుజువైపోయింది. కావాలంటే మస్క్‌రాట్ మడుగు వెనక్కి వెళ్లి చూసుకోండి. ప్రభుత్వ అడవి కాబట్టి మిమ్మల్ని ఆపేవాడు లేడు. కారు పెట్టుకోవడానికి చోటు దొరికితే!

తెలియనివారి కోసం ఒక్క ముక్క. గ్రౌస్ అంటే మా అడవికోడి. ముసలి అడవి దానికి గిట్టదు. ఆస్పెన్ చెట్లు చేతికర్ర లావున, మనిషి దూరలేనంత ఒత్తుగా ఉంటేనే అది కాపురం పెడుతుంది. అందుకని అటవీ శాఖవారు ముదిరిన ఆస్పెన్లను మొదలంటా నరికేస్తారు. వేళ్లలోంచి వేలకొద్దీ పిలకలు లేస్తాయి. ఎనిమిదేళ్లకి కోళ్లు దిగుతాయి. అడవిని నరికి అడవిని పెంచడమన్నమాట! గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని మా అమ్మ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆవిడ అటవీ శాఖలో ఉండాల్సిన మనిషి.

కానీ ఎక్కడ నరకాలి? అక్కడే వచ్చింది చిక్కు.

మా ఊళ్లో వేటగాడు ఏదైనా చెబుతాడు, కోళ్లు లేచే చోటు తప్ప. శనివారం సౌనాలో, అంటే ఆవిరిగదిలో, ఒంటిమీద నూలుపోగు లేకుండా పక్కపక్కన కూర్చుని చెమటలు కారుస్తాం. ఎవరి భార్య ఎందుకు అలిగిందో, ఎవరికి మలబద్ధకమో, అన్నీ చెప్పుకుంటాం. అంతా విప్పేసిన చోట కూడా ఆ ఒక్కటీ దాచుకుంటాం! మా బావమరిది ఉర్హో నా పెళ్లయినప్పటినుంచి, అంటే ముప్పై నాలుగేళ్లుగా, నా చోటు ఎక్కడని అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి గుండెనొప్పితో ఆస్పత్రి మంచంమీద మూలుగుతూ కూడా అడిగాడు.

"పోయేవాణ్ని బావా! ఇప్పుడైనా చెప్పు."

"పోయాక చెబుతాలే," అన్నాను.

ఆ కోపంతోనే కోలుకున్నాడు. డాక్టర్లు తమ గొప్పే అనుకున్నారు.

తొమ్మిదేళ్ల కిందట టౌన్‌షిప్ హాల్లో సభ పెట్టారు. అటవీ శాఖనుంచి మిస్ బుడ్రో అనే అమ్మాయి వచ్చింది. గోడకి మ్యాపు తగిలించి, బల్లమీద ఒక డబ్బాడు ఎర్ర గుండుసూదులు పెట్టింది.

"మీకు కోళ్లు బాగా కనబడే చోట తలా ఒకటి గుచ్చండి. పక్కనే కాగితంమీద పేరు రాయండి. ఎక్కువమంది గుచ్చినచోటే పని మొదలెడతాం," అంది పాపం, మమ్మల్ని మనుషులనుకుని.

నలభై ఒక్కమంది ఉన్నాం. ఒక్కడూ కదల్లేదు. డోనట్లు అయిపోయాక ఇక తప్పదని నేనే ముందు లేచాను. నా చోటు మ్యాపులో నన్నే చూస్తోంది. నేను దానివైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా వెళ్లి మస్క్‌రాట్ మడుగు వెనక గుచ్చాను. అక్కడ చుట్టూ మోకాలిలోతు బురద, నడుమ ఎండిపోతున్న ముసలి ఆస్పెన్లు. ఆ దిక్కుకి జన్మలో ఒక్కసారే వెళ్లి, ఒక్క బూటుతో తిరిగొచ్చాను. కోడి ఈక కూడా కనబడలేదు.

నా వెనకాల ఉర్హో లేచాడు. నా సూదిని చూసి, గడ్డం గోక్కుని, దాని పక్కనే తనదీ గుచ్చాడు. తర్వాతివాడూ అంతే. ఒక చోటు ఎలాగూ అబద్ధాలకి కేటాయించారు, ఇంకొకటెందుకు చెడగొట్టడమని! చివరికి లెక్కపెడితే ముప్పై ఏడు సూదులు ఆ బురదలోనే ఉన్నాయి. మిగతా నాలుగూ కళ్లజోడు మరిచిపోయి వచ్చినవాళ్లవి. అవి సరస్సు మధ్యలో దిగాయి.

మిస్ బుడ్రో కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత ఏకాభిప్రాయం నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదండీ!" అంది.

నేల గడ్డకట్టగానే యంత్రాలు దిగాయి. ముసలి చెట్లన్నీ పడ్డాయి. ఇది శుద్ధ దండగ అని నేను ఈ పత్రికలోనే పంతొమ్మిది వ్యాసాలు రాశాను. ఎవరైనా చదివి ఉంటే దయచేసి మరిచిపోండి.

ఎందుకంటే ఇప్పుడక్కడ అడుగు పెడితే కోడి లేస్తోంది! ఏప్రిల్లో మగకోళ్లు దుంగలమీద నిలబడి రెక్కలు కొడుతుంటే, నాలుగు దిక్కులా మొరాయించే ట్రాక్టర్లు స్టార్ట్ చేస్తున్నట్టు ఉంటుంది. అక్టోబర్లో వేటకని ఎక్కడో ఒహాయో రాష్ట్రంనుంచి కార్లు వరస కడుతున్నాయి. దారి మొదట్లోనే ఒక పెద్ద బోర్డు పాతారు: 'తమకు తెలిసిన చోటును ఉదారంగా అందరికీ పంచిన పౌరులకు కృతజ్ఞతలు.' కింద ముప్పై ఏడు పేర్లు. మొట్టమొదటిది నాది, తౌనో కంగస్!

బోర్డు చూసి ఉర్హో నన్ను కావలించుకున్నాడు.

"బావా, నువ్వు బొంకుతున్నావనుకుని మేమంతా అక్కడ గుచ్చాం. నువ్వు నిజమే చెప్పావు కదయ్యా! ఎంత పెద్ద మనసు నీది!"

ఏం చెప్పమంటారు? పెద్ద మనసు ఒప్పుకున్నాను.

ఉర్హో వెళ్లిన ప్రతిసారీ రెండు కోళ్లు తెస్తాడు. ఒకటి జాలిపడి మా ఇంటికి పంపుతాడు. మా ఆవిడ లెంపి దాన్ని దుంపలతో కలిపి పేస్టీలో, అంటే అరచేయంత కజ్జికాయలో, కూరి కాలుస్తుంది. "మా తమ్ముడి చేతి చలవ, ఎంత మెత్తగా ఉందో చూడు," అంటుంది. నేను నోరు మూసుకుని నములుతాను.

మరి నా చోటు? అంత భద్రంగా దాచాను కదా, రంపం కూడా దాని జోలికి రాలేదు. నాతోపాటే ముదిరిపోయింది. కింద తుప్ప లేదు, పొద లేదు, బంతాట ఆడుకోవచ్చు. మూడేళ్లుగా ఒక్క కోడి లేవలేదు.

నాకైతే ఫరవాలేదు, నేను ఎలాగూ గురితప్పేవాణ్ని. బాధంతా మా కుక్క కానెలిది. దాలచినచెక్క రంగు పిల్ల. పన్నెండేళ్లు వచ్చాయి, వెనక కాళ్లు పట్టేస్తున్నాయి. అయినా వెళ్లిన ప్రతి పొద్దునా ఆ బోడి అడవిలో మూలమూలా వాసన చూసి, ఏమీ దొరక్క నా బూటుమీద వచ్చి కూర్చుంటుంది. తప్పు తనదే అన్నట్టు నా మొహం చూడదు. అది నేను భరించలేకపోయాను.

మొన్న మంగళవారం సిగ్గు చంపుకుని దాన్ని మడుగు వెనక్కి తీసుకెళ్లాను. ఎవరూ చూడకూడదని కారు అరమైలు దూరంలో పెట్టాను. బోర్డు కింద ఉర్హో కూర్చుని సాండ్‌విచ్ తింటున్నాడు.

"నీ అడవికి నువ్వే చుట్టంలా వస్తావేంటి బావా!"

కానెలి పిలకల్లోకి దూరింది. నిమిషం కాలేదు, కోడి వాసన తగిలి బిగుసుకుపోయింది. ముందుకాలు పైకి, తోక వణుకుతూ. భళ్లున కోడి లేచింది. నేను తుపాకీ ఎత్తడం మరిచిపోయాను. కానెలి వెనక్కి తిరిగి, మూడేళ్ల తర్వాత, నా మొహంలోకి చూసింది. నా కళ్లలో పుప్పొడి పడిందని ఉర్హోతో అన్నాను. అక్టోబర్లో పుప్పొడి ఉండదని వాడికీ తెలుసు.

వచ్చే గురువారం మళ్లీ సభ. మళ్లీ మ్యాపు, మళ్లీ సూదులు. కాబట్టి ముప్పై నాలుగేళ్ల రహస్యం ఇక్కడ అచ్చువేస్తున్నాను. క్యాంపు రోడ్డులో మూడో తూము దాటాక, ఎడమచేతి వైపు, తుప్పుపట్టిన పాలక్యాను వేలాడే బిర్చి చెట్టు. అక్కణ్నుంచి లోపలికి రెండువందల అడుగులు. అదీ నా చోటు. మొదలంటా నరికెయ్యండి! పిలకలు ఎదిగేదాకా కానెలి ఉండదు. నేనుంటానో లేదో. అయినా నరకండి.

ఇది పత్రికకి పంపేముందు ఉర్హోకి చదివి వినిపించాను. కాఫీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు.

"భలేవాడివి బావా! ముప్పై నాలుగేళ్లు చెప్పనివాడివి పేపర్లో వేసి చెబుతావా? అక్కడ కాకి కూడా ఉండదని నాకు తెలీదా?"

పాఠకులారా, ఒక్క సూదికి అటవీ శాఖ కదలదు. నాది ఒకటి ఉంది, ఇంకో ముప్పై ఆరు కావాలి. నన్ను నమ్మి గుచ్చమని అడగడం లేదు. బొంకుతున్నాననుకునే గుచ్చండి. పోయినసారి పని జరిగింది అలాగే కదా!