షష్టిపూర్తి ఫ్లెక్సీ కింద ప్రపంచ సదస్సు

ఆ ఉదయం నాగదుర్గ పెట్టుకున్న పని చాలా చిన్నది. తలుపు వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, పదకొండింటికి ప్రపంచ యువ వాణిజ్య సదస్సులో మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆమె తల్లి మహాలక్ష్మమ్మ ఆత్రేయపురంలో మట్టికుండ మీద పూతరేకులు తీస్తుంది. విదేశానికి పంపిన మొదటి పెట్టె, ఏదో పరీక్ష కాగితం లేదని రేవు నుంచే వెనక్కి వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీకీ, ఒక్క కుండకీ ఒకటే రూలు పెట్టకండని అడగడానికి ఆ పిల్లకు మూడు నిమిషాలు దొరికాయి. ఇచ్చినవాళ్ళకు మా ఊరి పద్ధతులు తెలియవు, పాపం.

ఎనిమిదింటికి ఇంట్లో నెట్ పోయింది.

"పంచాయతీ హాల్లో ఉంది కదమ్మా. అచ్చిబాబు గారిని అడిగొస్తాను," అంటూ తండ్రి చంద్రరావు బయలుదేరాడు. మాజీ ప్రెసిడెంట్ అచ్చిబాబు గారు పదవి వదిలేశారు గానీ హాలు తాళం వదల్లేదు.

"ప్రపంచ సదస్సేంటి, స్టేజీ లేకుండా ఏంటి? నలుగురూ నవ్వరా చంద్రరావూ?" అన్నారాయన.

"ఆయ్, మీరెలాగంటే అలాగేనండి."

అంతే. కుర్చీలు దిగాయి, మైకు వచ్చింది. కొత్త ఫ్లెక్సీకి టైం లేక, అచ్చిబాబు గారి షష్టిపూర్తి ఫ్లెక్సీనే మళ్ళీ కట్టారు. శాలువాలకు లోటే లేదు. ఆయనకు కప్పినవన్నీ ఇంట్లో మడతలు పెట్టే ఉన్నాయి. రైస్‌మిల్లు బుల్లబ్బాయి గారికి ఒకటి, ఆయన బావమరిదికి ఒకటి కప్పేసరికి పదకొండైంది. లాప్‌టాప్‌ను ప్రపంచానికి బాగా కనబడాలని మైకు ఎదురుగా పెట్టారు.

తెర మీద నాగదుర్గ పేరు వెలిగింది.

"అండీ, నన్ను పిలుస్తున్నారండి! మూడు నిమిషాలేనండి!"

"ఆగమ్మా. అధ్యక్షుల వారు మాట్లాడకుండా సభెలా మొదలవుద్ది?" అని బుల్లబ్బాయి గారు ఆమెను కూర్చోబెట్టారు.

అచ్చిబాబు గారు మైకు అందుకున్నారు. "యువత ముందుకు రావాలండి!" అన్నారు. నాగదుర్గ ముందుకు వచ్చింది. ఆయన ఒక చేత్తో ఆమెను వెనక్కి జరిపి, యువత ముందుకు ఎందుకు రావాలో, తన హయాంలో వేసిన సిమెంటు రోడ్డుతో సహా వివరించారు. మూడు నిమిషాలు కాగానే తెర మీద ఇంకో దేశం వచ్చింది. ఆ దేశం కూడా చప్పట్లు కొట్టింది. తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు కనుక ప్రసంగం వాళ్ళకు బాగా నచ్చింది.

"మన పెట్టె సంగతి చెప్పావటే?" అని ఇంటి దగ్గర తల్లి ఆశగా అడిగింది. నాగదుర్గకు ఏడుపు ఆగలేదు.

వారానికి సదస్సు నివేదిక వచ్చింది. అందులో శాలువాతో అచ్చిబాబు గారు, వెనక షష్టిపూర్తి ఫ్లెక్సీ, కింద 'యువ ప్రతినిధి' అని అక్షరాలు. వచ్చే ఏడాది స్వయంగా విచ్చేయమని ఆయనకు ఆహ్వానం కూడా ఉంది.

సాయంత్రం ఆయనే ఇంటికి వచ్చారు. "అక్కడ ఇంగ్లీషులో చదవాలంటమ్మా. ఏదో ఒకటి నువ్వే రాసిపెట్టు. మూడు నిమిషాలే సుమా!"

నాగదుర్గ కాగితం తీసింది. ఒకటే కుండ, వెనక్కి వచ్చిన పెట్టె, మారాల్సిన రూలు, అన్నీ రాసింది. సిమెంటు రోడ్డు రాయలేదు. ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, "బాగా వచ్చిందమ్మా," అన్నారు.

ప్రపంచ వాణిజ్య విధానంలో యువత పాత్ర ఏమిటో ఆమెకు ఆ రోజే తెలిసింది: దస్తూరి.