సర్వమత పడవ

సువర్ణరేఖ నది పొంగి మా భుయ్యాడీహ్ బస్తీలో ఇళ్ళు మునిగిన మర్నాడు మా సూర్యప్రకాష్ గారు చారిత్రక ప్రకటన చేశారు. "వరద సాయంలో ఏ మతమూ వెనకబడకూడదు. ఏ మతమూ ముందుకు పోకూడదు. అన్నీ నా వెనకే నడవాలి."

ఆయన మా బస్తీ నాయకులు. ఏ పార్టీ అని అడక్కండి, అది ఆయన్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న. నేను ఒక తెలుగు పత్రికకి ఈ హిందీ రాష్ట్రపు ఉక్కు పట్నం నుంచి వార్తలు పంపుతుంటాను. ఆయన గొప్ప పనులు చేసేటప్పుడు పక్కన ఉండటం నా ఉద్యోగ ధర్మం.

ఆ ప్రకటన ఎందుకని కొందరు గొణిగారు. పరిస్థితి అంత దారుణంగా ఉంది మరి. గురుద్వారా వాళ్ళు రొట్టెలు కాలుస్తున్నారు. మసీదు కుర్రాళ్ళు లారీ ట్యూబుల మీద జనాన్ని ఈడ్చుకొస్తున్నారు. వచ్చినవాళ్ళు చర్చి హాల్లో పడుకుంటున్నారు. పప్పన్నం రామాలయం నుంచి వస్తోంది. ఎవరి అన్నం ఎవరు తింటున్నారో, ఎవరి దుప్పటి ఎవరు కప్పుకుంటున్నారో అడిగే నాథుడు లేడు. ఇంత అరాచకం జరుగుతుంటే ఒక్క బ్యానరైనా లేదు.

సూర్యప్రకాష్ గారు వెంటనే ఆ పనులన్నీ ఆపించి సమన్వయ సమితి వేశారు. పంతులుగారు, మౌల్వీ సాబ్, పాస్టరు గారు, గురుద్వారా గ్రంథీజీ సభ్యులు. ట్యూబుల మీద తేవడం ప్రజల గౌరవానికి భంగమని ఒక పడవ తెప్పించారు.

పడవకి ప్రారంభోత్సవం జరిగింది. నాలుగు ప్రార్థనలూ సమానంగా ఉండాలని ఆయన వాచీ చూస్తూ నిలబడ్డారు. పాస్టరు గారు త్వరగా ముగించేశారు.

"ఇంకాస్త చెయ్యండి. మీవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు."

"అవతల జనం డాబాల మీద ఉన్నారండీ."

"వాళ్ళెక్కడికీ పోరు లెండి."

ఆ తర్వాత సమితి పడవెక్కింది. సూర్యప్రకాష్ గారు ఎక్కారు, నేను ఎక్కాను. మిగిలిన చోటులో మైకు సెట్టు కూర్చుంది. పడవ నడిపే బంగారురాజు మమ్మల్ని చూసి, నీళ్ళని చూసి గెడ వేశాడు.

మొదట తగిలింది పోలమ్మ ఇంటి డాబా. ఆమె మొగుడు అసిరయ్య గోడకి జారబడి ఊపిరి కోసం ఎగపోస్తున్నాడు. కాంట్రాక్టు పనిలో దుమ్ము పీల్చీ పీల్చీ రొమ్ము చెడినవాడు. ఆక్సిజన్ పెట్టకపోతే సాయంత్రం దాటేలా లేడు. సూర్యప్రకాష్ గారు చెయ్యి చాస్తే అందేంత దూరం నుంచి మైకులో చెప్పారు. "ధైర్యంగా ఉండండి. సమితి మీకు అండగా ఉంది."

"అండ వద్దు బాబూ. మా ముసిలోడికి ఊపిరాడ్డం లేదు. ఆసుపత్రికి తీసుకెల్లాలి, పడవలో సోటియ్యండి" అంది పోలమ్మ.

"రెండో ట్రిప్పులో చూద్దాం."

"రెండో ట్రిప్పు దాకా ఈడుంటాడేటి?"

"ఇద్దరు దిగితే సాలు బాబూ, ఈలిద్దర్నీ ఎక్కించేత్తాను" అన్నాడు బంగారురాజు.

నలుగురు మతపెద్దలూ ఒక్కసారే లేచారు. పడవ ఊగిపోయింది. "హమ్ ఉతర్ జాతే హైఁ, మేం దిగిపోతాం" అంటూ గ్రంథీజీ అప్పుడే ఒక కాలు డాబా మీద వేశారు.

"కూర్చోండి" అన్నారు సూర్యప్రకాష్ గారు. "ఏ ఇద్దరు దిగినా మిగతా ఇద్దరూ పడవలో ఉండిపోయినట్టవుతుంది. రేపు బస్తీలో నేనేం జవాబు చెప్పుకోవాలి?"

పోలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీది ఏ మతం బాబూ?"

"నాకు అన్ని మతాలూ ఒకటే."

"అయితే నువ్వొక్కడివి దిగితే అందరూ దిగినట్టే గదా. ఈ రాసుకునే బాబుని కూడా తోడు తీసుకో."

ఆయన చాలాసేపు ఆలోచించారు. అసిరయ్య గొంతులో పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి. చివరికి నాయకత్వం అంటే ఏమిటో చూపించారు. "అందరం దిగుదాం. సమానంగా."

దిగాం. అసిరయ్యని పడవలోకి ఎత్తేటప్పుడు అతని డొక్కలు నా చేతికి తగిలి ఏడుపొచ్చింది. అది వార్తలో రాయలేదు. "కుండలో కాసిన నీల్లున్నాయి, తాగండి" అని చెప్పి పోలమ్మ మొగుడి పక్కన కూర్చుంది.

సమితి దిగిపోవడంతో పడవలో బోలెడు చోటు దొరికింది. బంగారురాజు వాళ్ళని ఒడ్డుకి చేర్చి, ఆటో ఎక్కించి, మళ్ళీ వచ్చి పక్క డాబాల వాళ్ళని, వాళ్ళ పిల్లల్ని, మేకల్ని కూడా తీసుకుపోయాడు. దీపాలు పెట్టే వేళకి మా వంతు వచ్చింది.

మర్నాడు పక్కనే ఉన్న సిద్ధగోరాలో విజయోత్సవ సభ. అసిరయ్య ఆక్సిజన్ మీద తేరుకుంటున్నాడట. పోలమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి వెనక నిలబడింది. సూర్యప్రకాష్ గారు మైకు అందుకున్నారు. "సమితి తొలిరోజే డాబా మీద చిక్కుకున్న ఆరుగుర్ని సురక్షితంగా ఒడ్డుకి చేర్చింది. ఆ బాధితులు వేదిక మీదికి రావాలి. దుప్పట్లు ఇస్తాం."

ఎవరూ కదల్లేదు. మౌల్వీ సాబ్, పంతులుగారు నేల చూపులు చూస్తున్నారు. సూర్యప్రకాష్ గారు వేదిక ఒక పక్క నుంచి దిగి, రెండో పక్క నుంచి ఎక్కి, కళ్ళు తుడుచుకుంటూ మొదటి దుప్పటి నా చేత కప్పించుకున్నారు. చప్పట్లు మోగాయి.

"మరి మమ్మల్ని లెక్కెయ్యలేదేటి బాబూ?" అంది పోలమ్మ.

"మీరు ముందే వెళ్ళిపోయారు కదమ్మా" అన్నారాయన, దుప్పటి సర్దుకుంటూ. "చిక్కుకున్నది మేము."